ఏ గ్రూపులో చేర్పించవలెను?

(పదవ తరగతి ఫలితములు వెలువడిన తరువాత మన పాస్టరేటులో జరిగిన తల్లిదండ్రుల, యౌవనుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



నేటి ఉదయము ఆరాధన ముగిసిన తరువాత వెస్ట్రీ గదిలో మా కొరకు ఐదు కుటుంబములవారు కాచుకొని యుండిరి. ఐదు కుటుంబములవారును అడిగినది ఒక్కటే ప్రశ్న. "అయ్యగారూ, మావాణ్ణి ఏ గ్రూపులో వేయమంటారు?" అడిగినవారు తండ్రులు, తల్లులు. ఒక ఇంటి తరపున మేనమామగారు వచ్చిరి. పిల్లలు మాత్రము ఒక్కరును లోపలికి రాలేదు. వారు వెలుపల కొబ్బరిచెట్టు క్రింద నిలువబడి, తమ విషయములో ఏమి తీర్పు వచ్చునోయని తలుపువైపు చూచుచుండిరి.

మేము వారిలో ఎవరికిని జవాబు చెప్పలేదు. "మధ్యాహ్నము కూటములో మాటలాడుదము, పిల్లలను కూడ తీసికొని రండి" అంటిమి. ఒకప్పుడైతే అడిగిన మరుక్షణమే చెప్పెడివారము. ఆ అలవాటు ఎందుకు మానుకొంటిమో చెప్పుటకే ఈ మధ్యాహ్నము మీ యెదుట నిలిచితిమి.

మన పెద్దల కాలము

మన డయాసిస్ నూరేండ్ల పండుగ చేసికొనుచున్న ఈ సంవత్సరములో ఒక సంగతి జ్ఞాపకము చేసికొనవలెను. మన తాతముత్తాతల యెదుట ఈ ప్రశ్నయే లేదు. ఊరికి బడి కలదా, ఉన్న బడిలో మన బిడ్డను లోపల కూర్చుండనిత్తురా అనునదియే వారి ప్రశ్న. పగలంతయు పొలములో పనిచేసి వచ్చిన పిల్లలకు రాత్రివేళ లాంతరు వెలుగులో పలకమీద అక్షరములు దిద్దించిన గ్రామబోధకులే మన మొదటి ఉపాధ్యాయులు. ఈ ఊరిలో ఆదివారము పాఠము చదివినవాడే సోమవారము బడి చెప్పినవాడు. మిషను బోర్డింగు బడులలో సంకటి తిని చదువుకొనినవారు ఉపాధ్యాయులై, నర్సులై, కంపౌండర్లై తిరిగి వచ్చి మనకు దారి చూపిరి. కాబట్టి ఇవాళ మనము "ఏ గ్రూపు" అని తలలు పట్టుకొని కూర్చుండుట కూడ వారు మనకిచ్చిన ఆస్తియే. ఎన్నుకొనుటకు ఏమియు లేనివారికి ఈ చింత యుండదు.

ఇప్పటి ఇంటర్మీడియట్ చదువు కూడ మరీ పాతది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1969-70 విద్యాసంవత్సరములో ఒక సంవత్సరపు పి.యు.సి.కి బదులు రెండేండ్ల ఇంటర్మీడియట్ వచ్చెను. 1971లో దానికి ప్రత్యేకముగా బోర్డు ఏర్పడెను. 1986లో ఎంసెట్ పరీక్ష మొదలైన తరువాత మన ఇండ్లలో మాట మారిపోయెను. అంతకుముందు "మావాడు ఇంటరు చదువుచున్నాడు" అనెడివారు. తరువాత "మావాడు ఎంసెట్‌కు చదువుచున్నాడు" అనసాగిరి. చదువు పేరు పోయి పరీక్ష పేరు వచ్చినది. దానితోపాటు, లోకములో రెండే గ్రూపులు, రెండే ఉద్యోగములు ఉన్నట్లు మన మనస్సులలో నాటుకొనిపోయినది. లెక్కలు వచ్చినవాడు ఇంజనీరు, రానివాడు డాక్టరు, రెండును కానివాడు ఎందుకును పనికిరానివాడు! ఈ మాట మనమెవ్వరము పైకి అనము. అయినను పిల్లలు మన ముఖములలో చదివికొందురు.

మేము చేసిన తప్పు

ఇప్పుడు మా సంగతి చెప్పెదము. ఇది చెప్పుటకు ఆ మనుష్యుని అనుమతి తీసికొంటిమి. పేరు మాత్రము చెప్పము.

2006వ సంవత్సరములో మేము మొదటి పాస్టరేటులో ఉంటిమి. గురుపట్టము పొంది ఏడాది కూడ కాలేదు. ఆ పాస్టరేటులోని ఒక గ్రామములో కూలిపని చేసికొను విధవరాలి కుమారుడు పదవ తరగతిలో 600 మార్కులకు 456 తెచ్చుకొనెను. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమములో చదివిన పిల్లవాడు. మన పేటలో అంతవరకు అన్ని మార్కులు ఎవరికిని రాలేదు. తల్లి కొంగున మిఠాయి కట్టుకొని మా ఇంటికి వచ్చెను. పిల్లవాడు గుమ్మము దగ్గర నిలిచి, మేము అడుగగా మెల్లగా, "హెచ్.ఇ.సి.లో చేరతానయ్యగారూ. సోషలు మాస్టారినవుతాను" అనెను.

మేము నవ్వితిమి. "నీకు వచ్చిన మార్కులకు హెచ్.ఇ.సి. ఏమిటిరా? అందులో ఏముంది? ఎమ్.పి.సి.లో చేరు, ఇంజనీరువవుతావు, మీ అమ్మ కష్టము తీరుతుంది" అంటిమి. అంతటితో ఆగలేదు. మరుసటి ఆదివారము సంఘములో ప్రత్యేక కానుక పట్టితిమి. కూలివారు పది, ఇరువది వేసిరి. చాలనిది మా జీతములోనుండి వేసి, పట్టణములో ఒక ప్రైవేటు కళాశాలలో, హాస్టలుతో సహా, మేమే దగ్గరుండి చేర్పించితిమి. దరఖాస్తులో సంరక్షకుని సంతకము కూడ మాదే. తిరిగి వచ్చునప్పుడు బస్సులో ఎంతో గొప్ప పని చేసితిమని సంతోషించితిమి.

అయితే ఆ పిల్లవాని మార్కుల జాబితా మేము చదివిన విధమేదో వినుడి. మేము చూచినది అడుగున ఉన్న మొత్తము మాత్రమే. విడివిడిగా చూచియుండినయెడల సాంఘిక శాస్త్రములో 93, తెలుగులో 88 కనబడెడివి. గణితములో 58 కూడ కనబడెడిది. కాగితము మా చేతిలోనే ఉండెను. అది మాతో స్పష్టముగా మాటలాడెను. మేము వినలేదు.

కళాశాలలో పాఠములు ఆంగ్లములో. తెల్లవారుజామున లేపి రాత్రి పదిగంటలవరకు కూర్చుండబెట్టుట. ప్రతి వారము పరీక్ష, పరీక్ష తరువాత గోడమీద ర్యాంకుల పట్టీ. ఏ పదమునకు ఏ అర్థమో తెలిసికొనులోపల అధ్యాయము ముగిసిపోయెడిది. మొదటి సంవత్సరము ఫలితములు వచ్చినవి. గణితము రెండు పేపర్లలో 75కు 11, 9. ఉత్తీర్ణతకు 26 కావలెను. భౌతికశాస్త్రము కూడ పోయినది. సప్లిమెంటరీకి ఫీజు కట్టుదమని మేము గ్రామమునకు వెళ్ళితిమి. పిల్లవాడు ఇంటిలో లేడు. హైదరాబాదుకు తాపీపనివారి వెంట వెళ్ళిపోయెనని తల్లి చెప్పెను. "మొకము చెల్లటం లేదన్నాడయ్యగారూ. గుడిలో అందరూ డబ్బులేశారు కదా" అనెను.

ఆ మాట మమ్మును చాలాకాలము నిద్రపోనియ్యలేదు. సంఘము ప్రేమతో ఇచ్చిన కానుకయే ఆ పిల్లవాడు సంఘమునకు దూరమగుటకు కారణమాయెను.

ఇంకొక సంగతి కూడ ఒప్పుకొనవలెను. మేము స్వయముగా హెచ్.ఇ.సి. చదివినవారము! చరిత్ర, అర్థశాస్త్రము, పౌరశాస్త్రము చదివి, బి.ఏ. ముగించి, వేదాంత కళాశాలకు వెళ్ళితిమి. మా ఇంటర్మీడియట్ దినములలో బంధువుల ఇంట పెండ్లికి వెళ్ళినప్పుడు "ఏ గ్రూపు?" అని అడిగి, జవాబు విని, "ఓహో" అని ముఖము త్రిప్పుకొనినవారు మాకు జ్ఞాపకమున్నారు. ఆ చిన్నతనము మా లోపల ఎక్కడో ముల్లువలె ఉండిపోయెను. ఆ పిల్లవాని నోట హెచ్.ఇ.సి. అను మాట వినగానే ఆ ముల్లు కదలెను. మాకు జరిగినది వానికి జరుగకూడదని అనుకొంటిమి. వాని కోరిక మాకు వినబడలేదు. మా పాత అవమానమే మాకు వినబడినది. తల్లిదండ్రులారా, పిల్లల గ్రూపు విషయములో మాటలాడునప్పుడు మనలో మాటలాడునది ఎవరో ఒక్కసారి పరీక్షించుకొనుడి. డాక్టరు కాలేకపోయిన తండ్రి మాటలాడుచున్నాడా? పక్కింటివారి అబ్బాయిని చూచి వచ్చిన తల్లి మాటలాడుచున్నదా?

దావీదు గొల్యాతు మీదికి వెళ్ళుటకు సిద్ధపడినప్పుడు సౌలు తన యుద్ధకవచమును అతనికి తొడిగించిన సంగతి సమూయేలు మొదటి గ్రంథము పదునేడవ అధ్యాయములో మీరు చదివియున్నారు. సౌలు చెడు తలంపుతో చేయలేదు. రాజు తనకున్న శ్రేష్ఠమైనదానినే ఇచ్చెను. అయితే అది దావీదు కొలతకు చేసినది కాదు. దానితో అతడు నడువలేకపోయెను. దావీదు దానిని తీసివేయగలిగెను. మేము తొడిగిన కవచమును తీసివేయుమని అడుగు ధైర్యము ఆ పిల్లవానికి లేకపోయెను. మేము వాని గురువులము, వాని ఫీజు కట్టినవారము.

ఏ తలుపు ఎక్కడికి పోవును

ఇంత చెప్పినందున "పిల్లవాడు ఏమి కోరిన అదే" అనుచున్నామని తలంచకుడి. పదిహేనేండ్ల పిల్లలకు అన్నియు తెలియవు. స్నేహితుడు చేరిన గ్రూపులో చేరుదుననువారు కలరు. లెక్కలంటే భయపడి పారిపోవువారు కలరు. వారికి తెలియనిది చెప్పుట మన పని. కనుక ఒక్కొక్క తలుపు ఎక్కడికి పోవునో చూతము.

ఎమ్.పి.సి. అనగా గణితము, భౌతిక, రసాయన శాస్త్రములు. ఇంజనీరింగు శాఖలలో చాలవాటికి, ఆర్కిటెక్చరునకు గణితము కావలెను. జాతీయ రక్షణ అకాడమీలో నౌకాదళమునకు, వైమానికదళమునకు పోవలెనన్నను గణితము, భౌతికశాస్త్రము కావలెను. ఆ అకాడమీలో 2022 నుండి ఆడపిల్లలను కూడ చేర్చుకొనుచున్నారని మన అమ్మాయిలు గమనింపవలెను.

బై.పి.సి. అనగా జీవశాస్త్రములతో భౌతిక, రసాయన శాస్త్రములు. వైద్యవిద్యకు ఇప్పుడు రాష్ట్రపు పరీక్ష కాదు, దేశమంతటికిని ఒకటే నీట్ పరీక్ష. అయితే బై.పి.సి. అనగానే ఎమ్.బి.బి.యస్. ఒక్కటే అనుకొనకూడదు. బి.యస్‌సి. నర్సింగు, వ్యవసాయము, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియను చదువులు ఇందులోనుండియే. మన సంఘములలో ఎన్ని కుటుంబములు ఒక్క నర్సు జీతముమీద నిలబడినవో మీకు తెలియును. ఫార్మసీకి ఎమ్.పి.సి. వారు కూడ వెళ్ళవచ్చును.

సి.ఇ.సి., ఎమ్.ఇ.సి. వాణిజ్యపు దారి. బి.కామ్., చార్టర్డ్ అకౌంటెన్సీ, బ్యాంకు పరీక్షలు ఈ దారిలో వచ్చును. సి.ఏ. ఫౌండేషను పరీక్ష ఏ గ్రూపువారైనను వ్రాయవచ్చును గాని వాణిజ్యశాస్త్రము చదివినవారికి సులువు. హెచ్.ఇ.సి. వారు బి.ఏ., ఉపాధ్యాయ శిక్షణ, అయిదేండ్ల న్యాయశాస్త్రము చదువవచ్చును. సివిల్ సర్వీసు పరీక్షకు ఏ డిగ్రీ అయినను చాలును. సైన్సు, ఇంజనీరింగు చదివినవారు సహితము ఆ పరీక్షకు కూర్చుండునప్పుడు చరిత్ర, పౌరశాస్త్రము, అర్థశాస్త్రము మొదటినుండి చదువుకొనవలసినదే. "అందులో ఏముంది" అని మేమడిగిన ప్రశ్నకు ఇది జవాబు.

ఇంటర్మీడియటే ఏకైక దారి కూడ కాదు. పాలిటెక్నిక్ మూడేండ్ల డిప్లొమా ఉన్నది. అది ముగించినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరవచ్చును. చేతిపని యందు మనసున్నవారికి ఐ.టి.ఐ. ఉన్నది. గ్రామీణ బడులలో బాగుగా చదివిన పిల్లలకు 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐ.టి.లు పదవ తరగతి మార్కులమీదనే ఆరేండ్ల చదువిచ్చుచున్నవి. వృత్తివిద్యా ఇంటర్మీడియట్‌లో చేరినవారు బ్రిడ్జి కోర్సు చదివి పైచదువులకు పోవు వీలు కూడ కలదు.

ఒక న్యాయమైన మాట చెప్పవలెను. సైన్సు చదివినవాడు తరువాత బి.ఏ.కి మరలవచ్చును. హెచ్.ఇ.సి. చదివినవాడు ఇంజనీరింగునకు మరలలేడు. కనుక ఎటు పోవలెనో తెలియని పిల్లకు సైన్సు చెప్పు తల్లిదండ్రుల మాటలో అర్థము లేకపోలేదు. పిల్లకు ఆ విషయములు సరిపడునట్లుండిన అది మంచి సలహాయే. అయితే ఎన్ని తలుపులు తెరచియున్నను గడపలోనే కాలు తట్టి పడినవానికి ప్రయోజనమేమి? ఆ పిల్లవానికి ఎమ్.పి.సి. తెరచిన తలుపులు చాలా ఉండెను. వాడు ఒక్కదానిలోను ప్రవేశింపలేదు.

గోడలు కొంచెము కొంచెముగా తగ్గుచున్నవి కూడ. 2020 జాతీయ విద్యావిధానము కళలకును శాస్త్రములకును మధ్య కఠినమైన అడ్డుగోడలు ఉండరాదని చెప్పినది. 2023 నవంబరులో జాతీయ వైద్య కమీషను, పన్నెండవ తరగతి తరువాత జీవశాస్త్రమును అదనపు విషయముగా చదివి ఉత్తీర్ణులైనవారు కూడ నీట్ వ్రాయవచ్చునని ప్రకటించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుండి గణితము, జీవశాస్త్రము రెండును కలిపి చదువు ఏర్పాటు వచ్చినది. అయినను రెండును కలిపి చదువుట రెట్టింపు బరువు. మోయగలవారికే అది మేలు.

నాలుగు ప్రశ్నలు

ఇంటికి వెళ్ళి నాలుగు ప్రశ్నలు వేసికొనుడి.

మొదటిది: మార్కుల జాబితాలో ఏ విషయమునకు ఎన్ని? మొత్తము చూడకుడి, వరుసగా చూడుడి. పదవ తరగతితోనే ఆగక, ఎనిమిది, తొమ్మిది తరగతులవి కూడ తీయుడి. ఒక సంవత్సరము మార్కులు అదృష్టమని చెప్పవచ్చును గాని మూడు సంవత్సరముల మార్కులు అబద్ధమాడవు.

రెండవది: ఎవరును చెప్పకుండ పిల్ల తనంతట తాను ముట్టుకొను పుస్తకమేది? సెలవు దినమున చేయు పని యేది? లెక్క తప్పినప్పుడు మరల చేయుటకు కూర్చుండునా, పుస్తకము మూసివేయునా? ఇది పాఠశాల ఉపాధ్యాయుని అడుగుడి. మాకంటె, మీకంటె ఆయనకు బాగుగా తెలియును. ఆ పిల్లవాని సోషలు మాస్టారిని మేము ఒక్కమాట అడిగియుండినయెడల ఎంత మేలై యుండెడిది!

మూడవది: ఖర్చు రెండేండ్లును మోయగలమా? మొదటి సంవత్సరము అప్పు చేసి కట్టి, రెండవ సంవత్సరము హాల్ టికెట్టు సమయమున పరుగులెత్తువారిని ప్రతి ఏట చూచుచున్నాము. దగ్గరలో ప్రభుత్వ జూనియరు కళాశాల యుండగా, పేరు గొప్ప అని దూరపు హాస్టలునకు పంపుటకు ముందు ఆ హాస్టలులో ఒక దినము మీరు గడిపి రండి. గదికి ఎందరు, ఆటకు చోటున్నదా, జ్వరము వచ్చిన ఎవరు చూచెదరు, ఆదివారము ఇంటికి పంపుదురా? ఇవి అడుగుట తల్లిదండ్రుల హక్కు.

నాలుగవది ఆడపిల్లల తల్లిదండ్రులకు: ఇదే ఇంటిలో ఇదే మార్కులు కుమారునికి వచ్చియుండిన ఏమి చేసియుందురు? తమ్ముని పట్టణములో ఎమ్.పి.సి.కి పంపి, వానికంటె ఎక్కువ మార్కులు వచ్చిన అక్కను "ఎలాగూ పెళ్ళిచేసి పంపేదే కదా" అని ఊరిలో ఉన్న గ్రూపులో వేసినవారు ఈ సంఘములోనే కలరు. ఊరిలో ఉన్న గ్రూపు మంచిదే కావచ్చును. కాని ఎన్నుకొనినది ఆ పిల్ల కాదు, ఆమె చదువు కూడ కాదు, బస్సు ఛార్జీ ఎన్నుకొనినది.

రెండవ భాష గురించి ఒక మాట. మార్కులు ఎక్కువ వచ్చునని తెలుగు విడిచి సంస్కృతము తీసికొనుట ఏండ్ల తరబడి సాగుచున్నది. సంస్కృతము గొప్ప భాష. ప్రీతితో చదువువారు చదువవలసినదే. కాని ఒక్క శ్లోకమునకు అర్థము తెలియకుండ జవాబులు బట్టీపట్టి నూటికి తొంబదియైదు తెచ్చుకొనుట ఏ భాష చదివినట్లు? ఫలితము ఎక్కడ కనబడుచున్నదో మీకు తెలియును. ఆదివారము పాఠము చదువుమని యౌవనులను పిలిచిన, ఒత్తులు వచ్చుచోట ఆగిపోవుచున్నారు. గుఱ్ఱం జాషువా గారు 1895లో వినుకొండలో పుట్టి, తెలుగునే నమ్ముకొని, తెలుగు ఉపాధ్యాయులై బ్రదికిరి. ఆయన వ్రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము, 1970లో ఆయనకు పద్మభూషణ్ వచ్చినవి. అదే గుంటూరు సీమకు 1883లో డాక్టరు అన్నా కుగ్లరు గారు వైద్యశాస్త్రము నేర్చి వచ్చి స్త్రీల వైద్యము ప్రారంభించిరి. 1898లో ఆసుపత్రి తెరచిరి. ఒకరు స్టెతస్కోపు పట్టిరి, ఒకరు కలము పట్టిరి. ఈ ఇద్దరి గ్రూపులు తారుమారై యుండిన మనకు ఇద్దరును లేకపోయెడివారు.

సంఘము చేయవలసినది

ప్రతి సంవత్సరము ఫలితములు వచ్చిన మరుసటి దినము పత్రిక తెరచుటకు భయము వేయుచున్నది. తప్పినందుకు, మార్కులు తగ్గినందుకు, ప్రాణములు తీసికొనిన పిల్లల వార్తలు మనము చదువుచునేయున్నాము. వారు ఎవరో కాదు, మన పిల్లలవంటివారే. కనుక పిల్లలారా, ఇది మీకు చెప్పుచున్నాము. తప్పినవారికి అదే వేసవిలో సప్లిమెంటరీ ఉన్నది. గ్రూపు సరిపడకపోయిన, మొదటి నెలలలోనే చెప్పినయెడల మార్చుకొనుటకు దారి వెదకవచ్చును. సంవత్సరము పోయినను బ్రతుకు పోలేదు. మీ ఇంటిలో చెప్పలేనిది మా ఇంటికి వచ్చి చెప్పుడి. రాత్రి పన్నెండు గంటలకైనను తలుపు తట్టుడి. మేము ఏమియు అడుగము, ముందు అన్నము పెట్టెదము.

పెద్దలారా, సంఘము పిల్లలకు చేయు సహాయము అప్పువలె వారి మెడకు చుట్టుకొనకూడదు. ఇకమీదట మన విద్యానిధి నుండి ఇచ్చునది ఫలానా గ్రూపునకని ఇయ్యము, బిడ్డకని ఇచ్చెదము. ఇచ్చినవారి పేర్లు చదువము. తప్పినవారికి రెండవసారి కూడ ఇచ్చెదము. పాస్టరేటు కమిటీ దీనికి ఒప్పుకొనినది. మన సంఘములో ఉపాధ్యాయులు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, ఎలక్ట్రీషియన్లు కలరు. ప్రతి జనవరి నెలలో ఒక శనివారము వారు పదవ తరగతి పిల్లలతో కూర్చుండి, తమ పని యెట్లుండునో, జీతమెంతో, కష్టమేమో ఉన్నదున్నట్లు చెప్పవలెనని కోరుచున్నాము. ఫలితములు వచ్చిన తరువాత ఆలోచించుటకు వ్యవధి యుండదు.

చివరకు ఆ పిల్లవాని సంగతి. ఈ శతవార్షికమునకు మన గుడి నేల మరమ్మతు చేయించితిమి గదా. మేస్త్రీ పంపిన పనివారిలో ముప్పదియైదేండ్ల టైల్స్ పనివాడొకడు మమ్మును చూచి లేచి నిలిచి, "వందనాలయ్యగారూ, గుర్తుపట్టారా?" అనెను. గుర్తుపట్టితిమి. మా నోట మాట రాలేదు. వాడే నవ్వి, "లెక్కలు ఇప్పుడు బాగానే వచ్చాయయ్యగారూ, చదరపు అడుగులు లెక్కేసి లెక్కేసి" అనెను. మధ్యాహ్నము తక్కినవారు భోజనము చేసి కునుకు తీయుచుండగా అతడు పత్రిక ఆసాంతము చదివెడివాడు. ఒక దినము గోడకున్న 1923 నాటి శంకుస్థాపన రాయి తుడుచుచు, అప్పుడు మనము మద్రాసు రాజధానిలో ఉంటిమనియు, జస్టిస్ పార్టీ తరపున పానగల్ రాజా గారు ప్రభుత్వము నడుపుచుండిరనియు కుఱ్ఱవాండ్రకు చెప్పుచుండగా మేము తలుపు చాటున నిలిచి వింటిమి. వారు చేతులలోని పని ఆపి విన్నారు. చక్కని ఉపాధ్యాయుడు పాఠము చెప్పుచున్నట్లే యుండెను.

మేము క్షమాపణ అడిగితిమి. "మీరు మంచికే చేశారయ్యగారూ" అని మాత్రమే అనెను. ఆ మాట మాకు ఓదార్పు కాలేదు. మీరు నిలుచున్న ఈ నేల అతడు పరచినదే. ఒక్క రాయి ఎగుడుదిగుడు లేదు. పనిలో చిన్నతనము లేదు. ఆ పనిని అతడు ఎన్నుకొనలేదన్నదే మా బాధ.

గత వారము అతడు మరల వచ్చెను. తన అక్క కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. పిల్ల ఈ సంవత్సరమే పదవ తరగతి పాసయ్యెను. "ఏ గ్రూపులో వేయమంటారయ్యగారూ?" అని అడిగెను. పందొమ్మిదేండ్ల తరువాత అదే ప్రశ్న! అదే మనుష్యుడు మమ్మును మరల నమ్మి అడుగుచున్నాడు.

మేము కుర్చీ జరిపి ఆ పిల్లను కూర్చుండబెట్టితిమి. మార్కుల జాబితా తీసికొని, అడుగున ఉన్న మొత్తముమీద చేయి అడ్డము పెట్టి, పైనుండి ఒక్కొక్కటిగా చదివితిమి. తరువాత ఆమెతో, "అమ్మా, నీవు చెప్పు. మీ మామయ్య, మేము వినుటకు ఉన్నాము" అంటిమి.

ఆమె వెంటనే చెప్పలేదు. చాలసేపు చున్నీ అంచు చుట్టుకొనుచు కూర్చుండెను. మేమిద్దరమును కాచుకొంటిమి. అటుపిమ్మట చెప్పనారంభించెను. ఆమె ఏమి చెప్పెనో మీకు చెప్పము, అది ఆమెది. మీరు ఇంటికి వెళ్ళి, మీ బిడ్డ ఏమి చెప్పునో వినుడి. తరువాత అందరమును కలిసి వెస్ట్రీకి రండి. పిల్లలు కొబ్బరిచెట్టు క్రింద నిలువకూడదు. వారి కుర్చీ లోపల వేసియుంచెదము.